చదవడానికి కూడా క్యూ ఎందుకు?

పరీక్ష ఫలితాల పట్టికను గోడకు అంటించారనుకోండి. పదిమందీ ఒకేసారి చూసుకోవచ్చు. అందులో ఒక పేరు దిద్దాలంటే మాత్రం మిగతావారు కాసేపు ఆగాలి. కంప్యూటరులో డైరెక్టరీ కూడా ఇలాంటి పట్టికే. అందులో ఉండేవి ఫైళ్ల పేర్లు. అయితే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో చాలాకాలం, ఒక డైరెక్టరీని ఊరికే చదవడానికి కూడా ప్రోగ్రాములు ఒకదాని వెనుక ఒకటి నిలబడవలసి వచ్చేది. పట్టికకు ఉన్న తాళం ఒక్కటే మరి!

2016లో వచ్చిన 4.7 కెర్నెల్ దీన్ని మార్చింది. చదివేవారంతా కలిసి చదవవచ్చు. పేరు చేర్చేవారూ, తీసివేసేవారూ మాత్రం ఒంటరిగా రావాలి. మన ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం కూడా దిద్దనక్కరలేకపోయింది. ఇది మెచ్చుకోదగ్గ సంగతే.

చిక్కల్లా కెర్నెల్ లోపల వచ్చింది. డిస్కుపై ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టంలు అక్కడ డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని, ఒకసారికి ఒక్కరే వస్తారన్న నమ్మకంతో రాశారు. ఇద్దరు ఒక్కసారే వస్తే లోపలి లెక్కలు తారుమారు కావచ్చు. అందుకని వాటికోసం పాత ద్వారాన్ని కూడా ఉంచారు.

ఉంచడం సబబే. కాని ఏడేళ్లా? పాత దారి తెరిచి ఉండగా కొత్తదానికి మారే తొందర ఎవరికుంటుంది? 2023లో, 6.6 కెర్నెల్‌తో, దాన్ని మూసేశారు. మెమరీ కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్ వంటివి అప్పటికీ సిద్ధంగా లేవు. ఒంటరిగానే పని చేయాలనుకుంటే తాళం మీ గుమ్మానికే వేసుకోండని వాటికి అప్పగించారు. నన్నడిగితే, ఈ పని 2017లోనే చేయవలసింది.