గట్టుకు ఒరిసిన చక్రం

మొన్న పేవ్‌మెంటు పక్కన కారు నిలుపబోయి గట్టుకు రాసుకున్నాము. అల్లాయ్ చక్రం అంచు గీరుకుపోయింది. పైగీత మాత్రమైతే సాన పట్టి, లప్పం పెట్టి, రంగు వేయించవచ్చును గదా అనుకున్నాము. టైరు విప్పించి చూడగా లోపలి అంచున సన్నని పగులు కనుపించింది! “వెల్డింగు పెడితే సగం ఖర్చులో పోతుందండీ” అన్నాడు మేస్త్రీ. ఆ వారమే పిల్లలతో తిరుపతి కొండకు ప్రయాణం. మాకు మనసు ఒప్పలేదు. ఇటువంటి అల్యూమినియం చక్రాలలో చాలావాటికి వేడిచేసి పదును పెడతారు. వెల్డింగు వేడికి ఆ చోట బలం తగ్గుతుంది. వ్యాసం, వెడల్పు, బోల్టు రంధ్రాల కొలత, ఆఫ్‌సెట్ సరిచూచి కొత్తదే వేయించాము. గీత అందానికి సంబంధించినది, పగులు ప్రాణానికి. కారున్న సోదర సోదరీమణులు ఒరిసిన చక్రాన్ని లోవైపు కూడా చూపించుకోవాలని మా మనవి.