మందుల బీరువా తాళం ఎవరి చేతిలో ఉండాలి?



కేసు షీట్లు, పరీక్షల ఫలితాలు నేడు చాలా ఆసుపత్రులలో క్లౌడ్ డేటాబేస్‌లోకి చేరుతున్నాయి. ఆ ప్రోగ్రాములు రాయడానికి ఇంజనీర్లు ఏఐ సాయం తీసుకుంటున్నారు. పని త్వరగా అవుతుంది, సంతోషమే. కానీ 2025 జూలైలో అమెరికాలో రెప్లిట్ సంస్థ వారి ఏఐ, ఏమీ మార్చవద్దని చెప్పినా వినక, ఒక కంపెనీ అసలు డేటాబేస్‌నే చెరిపివేసింది. ఆ సమాచారం తరువాత తిరిగి దొరికింది. అదే ఆసుపత్రిలో అయితే? "పెన్సిలిన్ పడదు" అన్న ఒక్క మాట చెరిగినా ప్రాణం మీదికి వస్తుంది.

కొత్తగా చేరిన నర్సింగ్ విద్యార్థినికి మేము మందుల బీరువా తాళం ఇవ్వము. ముందు బొమ్మ మీద నేర్పిస్తాము. తరువాత సిస్టర్ పక్కనుండి చేయిస్తారు. ఏఐకి కూడా ఇదే క్రమం ఉండాలని మా అభిప్రాయం. దానికి కల్పిత పేర్లతో చేసిన నకలు ఇస్తే చాలు. అసలు రికార్డు తప్పనిసరైతే, అవసరమైన భాగం వరకే, చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. చదివినది బయటికి పంపే దారి ఉండకూడదు. ప్రతి మార్పునూ మనిషి చూసి ఒప్పుకోవాలి. బ్యాకప్ వేరేచోట భద్రపరచాలి.

మీ వివరాలు ఎవరెవరు చూడగలరో ఏ ఆసుపత్రిలోనైనా మొహమాటపడక అడగండి.