తీసినవన్నీ తోమాల్సిందే

చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే అటక మీది సామానంతా కిందికి దిగేది. పెద్ద గిన్నెలు, పళ్లేలు, అరడజను గరిటెలు... 'ఎందుకైనా మంచిది' అంటూ నాన్న అన్నీ దించేవారు. తీరా వంటకి వాడేది నాలుగు గిన్నెలు. చుట్టాలు వెళ్లాక అన్నీ తోమాల్సింది మాత్రం అమ్మ. ''వాడలేదు కదమ్మా, అలాగే పైన పెట్టేద్దాం'' అంటే ఒప్పుకునేది కాదు. ''తీసినవన్నీ తోమాల్సిందేరా'' అనేది.

ఆపరేషన్ థియేటర్లోనూ అమ్మ మాటే చట్టం!

ఆపరేషన్‌కి కావలసిన కత్తెరలు, పట్టుకార్లు, కుట్లు వేసే సాధనాలు అన్నీ ఓ ట్రేలో సర్ది, చుట్టి, ఆవిరితో శుద్ధి చేసి సిద్ధంగా ఉంచుతారు. థియేటర్లో ఆ మూట విప్పారంటే అందులోని ప్రతి పరికరమూ మైలపడినట్టే. డాక్టరుగారి చెయ్యి తగిలిందా లేదా అన్న ప్రశ్నే లేదు. అన్నిటినీ మళ్లీ కడగాలి, కీళ్ల దగ్గర బ్రష్షుతో రుద్దాలి, ఆరబెట్టాలి, మొన వంగిందేమో చూడాలి, లెక్కపెట్టి సర్దాలి. ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో 121 లేదా 134 డిగ్రీల ఆవిరి పట్టాలి. మన బామ్మల మడి కన్నా గట్టి మడి ఇది. ఇందులో రాజీ పనికిరాదు.

మరి విప్పిన వాటిలో వాడేవెన్ని?

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఎమిలీ స్టాకర్ట్, అలెగ్జాండర్ లాంగర్‌మన్ ఈ లెక్క తీశారు. నాలుగు విభాగాల్లో 49 ఆపరేషన్లను గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ప్లాస్టిక్ సర్జరీలో విప్పిన ప్రతి నూరు పరికరాల్లో వాడినవి సుమారు 15. మిగతా 85 ఊరికే వచ్చి, ఊరికే స్నానం చేసి వెళ్లాయన్నమాట. ఒక్కో పరికరాన్ని మళ్లీ సిద్ధం చేయడానికి అక్కడ అయ్యే ఖర్చు కనీసం 51 సెంట్లు, అంటే అర డాలరు పైమాటే.

అర డాలరే కదా అంటారా? ఓ చిన్న లెక్క వేద్దాం. 60 పరికరాల ట్రే నుంచి 20 తీసేశామనుకోండి. ఒక్కో ఆపరేషన్‌కి పది డాలర్లు మిగులుతాయి. రోజుకి నాలుగు ఆపరేషన్లు, ఏడాదికి 300 రోజులు... 12 వేల డాలర్లు! కొత్త యంత్రం కొనలేదు, ఎవరి జీతమూ కోయలేదు. అక్కర్లేనివి అటక మీదే ఉంచామంతే.

అసలు ట్రేలో అన్నెందుకు చేరతాయి? ఒక డాక్టరుగారు ఫలానా కత్తెర కావాలంటారు, చేరుస్తారు. ఆయన బదిలీ అయిపోతారు, కత్తెర మాత్రం ఉండిపోతుంది. తర్వాత వచ్చినాయన ఇంకోటి చేరుస్తారు. చేర్చడానికి ఒక్కరి మాట చాలు. తీసేయడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు. 'అవసరమైతే?' అన్న భయం.

ఆ భయం తప్పేమీ కాదు. అందుకే కోత గుడ్డిగా పెట్టకూడదు. కొన్నాళ్లపాటు ఏ ఆపరేషన్‌కి ఏవి వాడారో పక్కనుండి రాసుకోవాలి. సర్జన్లు, థియేటర్ నర్సులు, పరికరాలు శుద్ధి చేసే సిబ్బంది కలిసి కూర్చుని జాబితా తేల్చాలి. ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే వాటిని విడివిడిగా ప్యాక్ చేసి చేతికందే దూరంలో ఉంచాలి, కావాలంటేనే విప్పాలి. హఠాత్తుగా నెత్తురు ఉబికితే ఆపే సాధనాల్లాంటివి నూరుసార్లలో ఒక్కసారీ వాడకపోయినా ట్రేలో ఉండాల్సిందే. పొదుపు వేరు, పిసినారితనం వేరు.

ఇంకో లాభమూ ఉంది. ప్లాస్టిక్ సర్జరీ పరికరాలు సున్నితమైనవి. కిక్కిరిసిన ట్రేలో ఒకదానికొకటి తగులుతుంటే మొనలు వంగుతాయి, పదును పోతుంది. మళ్లీ రిపేరు, మళ్లీ ఖర్చు. ట్రే తేలికైతే లెక్కపెట్టడం సులువు, కావలసింది వెతుక్కునే పనీ తగ్గుతుంది.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే మనకి సినిమాతారల ముక్కులే గుర్తొస్తాయి. కానీ స్టవ్ ప్రమాదంలో కాలి మెడ అతుక్కుపోయిన ఇల్లాలికీ, గ్రహణం మొర్రితో పుట్టిన పసిబిడ్డకీ, యంత్రంలో వేళ్లు నలిగిన కార్మికుడికీ దిక్కు ఈ వైద్యమే. 2007లో మన దగ్గర మొదలైన ఆరోగ్యశ్రీలాంటి పథకాల్లో ఆపరేషన్‌కి ఇంతని ముందే ఖాయం చేస్తారు. ఆ సొమ్ములో వాడని కత్తెరల స్నానానికి పోయే ప్రతి రూపాయీ, మందులకో కట్లకో నర్సు జీతానికో అందకుండా పోయిన రూపాయే. సొంత డబ్బు కట్టుకునే రోగి అయితే ఆ భారం తిరిగి తిరిగి అతని బిల్లులోకే చేరుతుంది. కాబట్టి మిగిలింది కూడా ఆ బిల్లులో కనిపించాలి. ఆసుపత్రి గల్లాపెట్టెలోనే ఆగిపోతే అది సగం పొదుపే.

తెగిన ముక్కుని తిరిగి అతికే విద్య చెప్పిన మన సుశ్రుతుడు 101 యంత్రాలు, 20 శస్త్రాలు లెక్కగట్టాడు. ఆ 101లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదన్నాడో తెలుసా? వైద్యుడి చెయ్యి!

ఆ ఒక్కటీ ఎలాగూ ప్రతిసారీ కడుక్కోవాల్సిందే. మిగతావి మాత్రం అవసరమైతేనే దించుదాం.