నేలనుబట్టి నీరు

కాలువలకు నీరు వదలు దినము సమీపించినప్పుడెల్ల ఎంత నీరు, ఎన్ని దినములు అను లెక్కలే వినవచ్చుచుండును. ఏ నేలకు అను ప్రశ్న మాత్రము వినరాదు. నల్లరేగడికిని, ఎఱ్ఱచెలకకును, సముద్రతీరపు చౌడునకును ఒక్క తీరున నీరిచ్చుట సేద్యము కాదు, వట్టి పద్దు.

ఈ పాఠము మనకు క్రొత్తది కాదు. కర్నూలు-కడప కాలువను 1860 తరువాతి సంవత్సరములలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించినది. రైతులు ఎగబడి నీరు కొందురని కంపెనీవారు తలచిరి. రేగడి చేలలో వాననీటితోనే జొన్నయు ప్రత్తియు పండించుకొను రైతు, తన నేల తేమను పట్టి యుంచునని యెఱిగినవాడు, ఆ నీటిని అంతగా కోరలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. లండనులో వాటాలు కొన్నవారికి తెలియనిది నాగలి పట్టినవానికి తెలిసియుండెను.

వరికి ఎల్లవేళల నిలువనీరు అక్కఱలేదని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రంధ్రములు గల గొట్టమునొకదానిని మడిలో పాతి, అందలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు క్రిందికి దిగిన పిమ్మట మరల తడి పెట్టవచ్చుననియు, పూతదశయందు మాత్రము మడిలో నీరుంచవలయుననియు వారి మాట. మంచి మాటయే. కాని దీనిని సైతము ఒకే కొలతగా ఊరూర చాటింపరాదు. రేగడి మిక్కిలి ఆరినచో నెఱ్ఱెలు వాఱును. తరువాత పెట్టిన తడి ఆ నెఱ్ఱెలవెంట వేరునకందక దిగిపోవును. డెల్టాల చివరనున్న చౌడునేల ఆరిన యెడల ఉప్పు పైకి వచ్చును. ఇసుకపాలు హెచ్చుగా గల చెలకలో పెద్దతడి వృథా. చిన్నతడులే తఱచుగా కావలయును.

ఇదంతయు రైతునకు తెలియదా? చాలవఱకు తెలియును. తెలిసియు మడి నిండ నింపుచున్నాడేమనగా, మరల తన వంతు ఎప్పుడు వచ్చునో తెలియక. శివారు రైతు మాట చెప్పనేల! ఎగువవాడు దురాశాపరుడని నిందించుట సులభము, మేమట్లు నిందింపజాలము. రేపటి నీటిపై నమ్మకము లేనివాడు నేటి నీటిని పొదుపు చేయడు.

1997లో ఉమ్మడి రాష్ట్రమున చేసిన చట్టము నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచి, పంపకమున రైతునకు చోటిచ్చినది. వంతుల తేదీలను నీరు వదలుటకు ముందే గ్రామగ్రామమున ప్రకటించి, శివారు మడి వఱకు వానిని నిలుపవలయును. రేగడి తూమునకొక వ్యవధి, చెలక తూమునకొక వ్యవధి యుండవలయును. ఇందులకు క్రొత్త ఆనకట్ట అక్కఱలేదు. తూము క్రింది నేలలనెఱిగిన రైతులు నలుగురు ఒక సాయంకాలము కూర్చుండి వ్రాసిన చాలును. ఆ కాగితమును ఇంజనీర్లు చదువుదురా యనునదియే మా సందేహము.