తలుపులు మూస్తే సరిపోతుందా?

మా అచ్చంపేటలో ఫాల్గుణం దాటిందంటే ఇల్లాలికి రెండు పనులు పెరుగుతాయి. ఒకటి ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడం. రెండోది పూటపూటకూ ఇల్లు దులుపుకోవడం. పత్తి తీసేసిన నల్లరేగడి చేలు ఎండి బీటలువారి ఉంటాయి. కల్లాల్లో మిరపకాయలు ఎండుతూంటాయి. పడమటి గాలి లేచిందా, ఆ మన్నూ ఈ ఘాటూ చుట్టరికం కలుపుకుని పిలవని పేరంటానికి వచ్చేస్తాయి. పొద్దున తుడిచిన బల్లమీద సాయంత్రానికి పిల్లలు వేలితో ఓనమాలు దిద్దవచ్చు!

"అందుకే కిటికీలన్నీ బిగించేస్తున్నా" నంటుంది మా వదిన. బిగించడం మంచిదే. కాని ఆ బిగించిన ఇంట్లో ఏమేం జరుగుతుందో చిత్తగించండి. సిలిండరు ఆదా అని వెనక వసారాలో పత్తికట్టె పెట్టి వేణ్ణీళ్లు కాస్తారు. వంటింట్లో ఎండుమిరపకాయల పోపు. సందెవేళ దేవుడి దగ్గర అగరొత్తులు. చీకటి పడగానే మంచం పక్కన దోమల కాయిల్. రాత్రి అత్తగారు దగ్గితే మాత్రం, "పాడు దుమ్ము వల్లే" అని తీర్పు! దుమ్ము బల్లమీద పట్టుబడుతుంది గనక నేరమంతా దానిమీద పడుతుంది. పొగ తప్పించుకుపోతుంది.

మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గాలికి లేచే మట్టిలో ముతకరేణువులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. పొగలోని నలుసుల్లో ఎక్కువభాగం రెండున్నర మైక్రాన్ల లోపువే. అవి ఊపిరితిత్తుల లోతులదాకా పోతాయి.

ఇది నా ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 400 పైచిలుకు ఇళ్లలో గాలిని కొలిచి, ఫలితాలు 2004లో ప్రచురించారు. రోజు మొత్తంమీద ఘనమీటరు గాలిలో సన్నని నలుసులు గ్యాసు ఇళ్లలో సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా ఉన్నాయి. అంటే పదిరెట్లు! వీధిదుమ్ము అందరిళ్లకూ వచ్చేదే కదా. తేడా తెచ్చింది పొయ్యి అన్నమాట. కాయిల్ మాటా వినండి. కొన్ని రకాల కాయిల్స్ ఒక్కొక్కటి 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని నలుసును వదులుతాయని 2003లో ఇంకొక పరిశీలన తేల్చింది.

1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చాక గ్యాసు పొయ్యి చాలా ఇళ్లకు చేరింది. అయినా పెరటి పొయ్యి ఆరలేదు. చేలో పత్తికట్టె, మిరపకట్టె ఊరికే దొరుకుతాయి మరి.

అయితే ఏం చెయ్యాలంటారా? ఎండ ముదిరి గాలి రేగిన వేళ పడమటి కిటికీలు మూయండి. తెల్లవారుజామునా, గాలి తగ్గిన రాత్రివేళా ఎదురెదురు కిటికీలు తెరవండి. పొయ్యి వెలిగినంతసేపూ, ఆర్పిన తరవాత కాసేపూ, ఎంత దుమ్మైనా సరే, వంటింటి కిటికీ తెరిచే ఉండాలి. పొడిచీపురుతో ఊడిస్తే కింద పడుకున్న దుమ్మును లేపి ముక్కుకు అందించినట్లే, తడిగుడ్డ పెట్టండి. ఫాను రెక్కలూ అలాగే తుడవండి. మిరపకాయల బస్తాలు పడకగదిలో పేర్చకండి. కాయిల్ మాని దోమతెర కట్టండి. ఇక వేణ్ణీళ్లంటారా, వేసవిలో పొద్దున్నే పెరట్లో గంగాళం నింపి మూత పెడితే సాయంత్రానికి సూర్యభగవానుడే కాచి పెడతాడు. పుల్ల ఖర్చు లేదు!

ఇంకొక్క మాట. రెండువారాలు దాటిన దగ్గును దుమ్ముకు వదిలెయ్యకండి. క్షయ కావచ్చు, ఉబ్బసం కావచ్చు, ప్రభుత్వాసుపత్రిలో చూపించండి.

మా వదిన ఇదంతా విని, "నెలకు ఎంత ఆదా అవుతోందో నీకేం తెలుసు?" అంది. తెలుసు. నేను కాదనను. ఆ లెక్క రాసే పుస్తకంలోనే ఎదుటి పేజీన అత్తగారి మందుల ఖర్చు కూడా రాయమన్నాను. అంతే.