ఆ మాటేగా... దానికింత కోపమా?

మీకు ఏ మాట వింటే ఒళ్ళు మండుతుంది?

తిట్ల సంగతి కాదు సుమండీ నేనడిగేది. తిడితే కోపం రావడంలో వింతేముంది! ఇంట్లో, వీధిలో, బస్సులో అందరూ రోజూ అనే మామూలు మాటల గురించి అడుగుతున్నాను. అన్నవాళ్ళకి చెడు ఉద్దేశం ఉండదు. పక్కనున్న పదిమందికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. మీకొక్కరికే ఎక్కడో చురుక్కుమంటుంది. ఎందుకమ్మా అంటే చెప్పలేరు. "ఈ మాత్రం దానికేనా?" అంటారని నోరు మూసుకుంటారు.

మొన్న చలికాలంలో మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం కలిసి బొర్రా గుహలు చూడ్డానికి వెళ్ళాం. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజరు ఎక్కాం. శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఇక అక్కణ్ణించి సొరంగం మీద సొరంగం. చీకటి పడినప్పుడల్లా పిల్లలు కేకలు, వెలుగు రాగానే మేం పులిహోర పొట్లాలు విప్పడం. ఆ సందడిలోనే ఈ ప్రశ్న వచ్చింది. ఇక చూడండి, ఒక్కొక్కరూ మూట విప్పారు.

"ఏదో ఒకటి" అంది మా పక్కింటి వదినగారు. "పొద్దున్నే, ఏం వండమంటారండీ అనడుగుతాను. 'ఏదో ఒకటి చెయ్యి' అంటారు. తీరా చేశాక, 'ఇదా!' అంటారు. ముప్ఫయ్యేళ్ళ నుంచీ వింటున్నా. ఏదో ఒకటి అనే కూర ఏ మార్కెట్లో దొరుకుతుందో చెబితే కొనుక్కొస్తాను."

"ఖాళీయేగా" అంది ఇంకొకామె. ఆవిడ ఉద్యోగం చెయ్యదు. అందుకని బంధువుల్లో ఎవరికి ఆపరేషనైనా, ఎవరి పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావాలన్నా ముందు ఆవిడకే ఫోను. "నువ్వు ఖాళీయేగా!" అని.

"మా ఆయన నాకు సాయం చేస్తానంటారండీ" అంది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. "ఎంత మంచివాడో" అన్నాం మేము. "అదేనండీ నా మంట! ఆయన తిన్న కంచం ఆయన కడిగితే నాకు సాయం ఎలా అవుతుంది?" అంది. పెద్దవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఈమధ్యే పెళ్ళయిన పిల్ల మాత్రం నా మీదే పడింది. "మీ వంటల పేజీలో 'ఉప్పు తగినంత' అని రాస్తారు చూడండాంటీ, ఆ మాట చూస్తే పుస్తకం విసిరెయ్యాలనిపిస్తుంది. ఎంత తగినంతో తెలిస్తే మీ పేజీ ఎందుకు చదువుతాను?" అంది. నిజమే! తప్పు ఒప్పేసుకున్నాను. ఇకనుంచి చెంచాల లెక్కే.

అందరిలోకీ పెద్దావిడ, రిటైరైన టీచరుగారు, చివరికి నోరు విప్పారు. "ఒక్కరేనా?" అన్నారు. మాకర్థం కాలేదు. "మావారు పోయి నాలుగేళ్ళయింది. హోటలుకి వెళితే, 'ఒక్కరేనా అమ్మా?' అంటాడు కుర్రాడు. ఆటోవాడూ అదే, డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే పిల్లా అదే. వాళ్ళకి కావాల్సింది లెక్క. నాకది తెలుసు. అయినా ఆ మాట వినగానే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యాలనిపిస్తుంది."

ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఇంతలో మళ్ళీ సొరంగం వచ్చింది.

అప్పుడు నాకనిపించిందేమిటంటే, అర్థం లేని చిరాకు అని మనం కొట్టిపారేస్తాం గానీ, కాస్త కదిపి చూస్తే ప్రతిదానికీ అడుగున ఏదో ఉంది. "ఖాళీయేగా", "వంటేగా", "ఇంట్లోనేగా" అన్నీ కలిపి చూడండి. ఖాళీ అన్నది చెడ్డ మాట కాదు, వంట అసలే కాదు. మంటంతా ఆ చివర తగిలించిన "ఏగా"లో ఉంది. ఆ చిన్న తోక తగిలిస్తే చాలు, ఎంత పనైనా చిన్నదైపోతుంది, ఆ పని చేసే మనిషితో సహా.

"బొర్రా వచ్చేసింది" అని ఎవరో అరవగానే, కాస్త లావుగా ఉండే మా స్నేహితురాలు "నన్నేనా?" అని గుర్రుగా చూసింది. మన వాడుకలో బొర్ర అంటే పెద్ద పొట్ట కదా! ఒడియాలో రంధ్రం అనే అర్థముందనీ, ఊరికి ఆ పేరు అలాగే వచ్చిందనీ చెబితే గానీ శాంతించలేదు.

గుహల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. శివలింగం, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మొసలి అని గైడు టార్చిలైటు వేసి చూపిస్తూంటే, చూస్తున్నకొద్దీ నిజమేననిపిస్తుంది. అన్నీ సున్నపురాళ్ళే. పైనుంచి ఊరిన నీరు రాతిని కరిగించి, చుక్క చుక్కగా జారుతూ వేల ఏళ్ళలో పేర్చిన ఆకారాలు. ఒక్క చుక్కతో ఏమీ కాదు. టీచరుగారి మాట నాకు అక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. నాలుగేళ్ళలో ఆవిడ ఎన్ని "ఒక్కరేనా"లు విన్నారో!

బయటికొచ్చేసరికి ఆకలి. బొంగులో చికెన్ అమ్మే దుకాణం దగ్గర ఆగాం. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులో తడితోనే ముక్క ఉడికిపోతుంది. దుకాణం నడిపే ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. పొగలో కళ్ళు చికిలిస్తూ, ఒంటిచేత్తో నాలుగు బొంగులు తిప్పుతోంది. ఊళ్ళో చలి, వాన, దూరం గురించి చెబుతూంటే నేను మామూలుగా అన్నాను, "పాపం, ఈ కొండల్లో ఎలా ఉంటున్నారో!"

ఆమె చెయ్యి ఆగింది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"వచ్చినోళ్ళందరూ అదే మాటమ్మా. ఏటి పాపం? మా ఊళ్ళో మేమున్నాం. మీరు టిక్కెట్టు కొనుక్కుని మరీ సూడ్డానికొచ్చారు!"

ఏం జవాబు చెప్పను? రైల్లో గంటన్నర సేపు ఇతరుల మాటలకి తప్పులు పట్టినదాన్ని. ఒక్క "పాపం"తో కష్టపడి దుకాణం నడుపుకుంటున్న మనిషిని జాలిపడాల్సిన మనిషిగా చేసేశాను. "తప్పయిందమ్మా" అన్నాను. "తప్పేటమ్మా, తినండి సల్లారిపోద్ది" అంది. అంతకుముందు మాలో ఒకావిడ ఆమెని "ఏయ్ అమ్మాయ్, ఎంతకిస్తావ్?" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడే "వెళ్ళొస్తామండీ" అంది. నేను విననట్టు ఊరుకున్నాను.

అక్కడే డిగ్రీ చదివే ఆమె తమ్ముడున్నాడు. తనకి గిట్టని మాట "ఏజెన్సీ" అన్నాడు. "గ్యాసు ఏజెన్సీ, పేపరు ఏజెన్సీ విన్నాం. మా ఊరు ఎవరి ఏజెన్సీ అండీ?" అన్నాడు. మంచి ప్రశ్నే. 1839లో కుంఫిణీ ప్రభుత్వం ఒక చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి విడదీసింది. అక్కడ కలెక్టరు గవర్నరుగారి ఏజెంటు. ఏజెంటు పాలించేది గనక ఏజెన్సీ. కుంఫిణీ పోయింది, గవర్నరు ఏజెంటూ పోయాడు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు పేరుతో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా కూడా వచ్చింది. అయినా పేపర్లో "ఏజెన్సీలో చలి" అనే చదువుతున్నాం. పాలించినవాడి హోదాతో ఊరిని పిలిస్తే, ఆ ఊరివాడికి చిరాకు రాదా మరి?

మాటల మీద ఇంత పట్టింపు అవసరమా అని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. అందుకే ఈ బొర్రాకి సంబంధించిన ఒక పెద్ద కథ చెబుతాను.

గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా మన రాష్ట్రంలో 1959లో ఒక నిబంధన వచ్చింది, 1970లో దాన్ని ఇంకా బిగించారు. అక్కడి భూమిని ఏ "వ్యక్తి" అయినా గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు అని దాని సారాంశం. సరే, మరి బొర్రా పరిసర గ్రామాల్లో గనుల కోసం ప్రభుత్వమే ప్రైవేటు వాళ్ళకి లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. అప్పుడొచ్చిన అసలు చిక్కేమిటో తెలుసా? వ్యక్తి అంటే ప్రభుత్వం కూడానా, కాదా?

మన ఇంటి భాషలో చెప్పుకుందాం. "మట్టికాళ్ళతో ఎవరూ వంటింట్లోకి రాకూడదు" అని మీరు నియమం పెట్టారు. పిల్లలు పాటిస్తున్నారు. ఓ సాయంత్రం మీవారు చెప్పులతో సహా వచ్చేశారు. ఇదేమిటండీ అంటే, "ఎవరూ అంటే నేను కాదుగా!" అన్నారు. ఆ కేసూ అలాంటిదే. హైకోర్టు సమత మాట ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1997 జులై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్, ఆ మాటలో ప్రభుత్వం కూడా ఉందని తేల్చారు. మూడో న్యాయమూర్తి జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటే తీర్పయింది. గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవన్నారు. సమత తీర్పు అని దేశమంతా చెప్పుకునేది దీన్నే. ఒక్క మాట అర్థం మీద అన్ని ఊళ్ళ భూమి ఆధారపడింది!

ఇంకో తమాషా చూడండి. దుకాణం దగ్గర కుర్రాడికి గిట్టని ఆ "ఏజెన్సీ" మాట, ఆ భూముల్ని కాపాడిన నిబంధనలో కూడా ఉంది. గిట్టని మాటల్నన్నిటినీ కొట్టేస్తే సరిపోదన్నమాట. ఎవరు, ఎవర్ని, ఎందుకు అలా పిలుస్తున్నారో చూడాలి.

అందుకని ఈ వారం మీకో చిన్న పని. మిమ్మల్ని చురుక్కుమనిపించే మాట ఒకటి తీసుకుని, అది మీలో ఎక్కడ తగులుతోందో చూడండి. "నాకు ఊరికే కోపం" అని మీరే మిమ్మల్ని తీసిపారెయ్యకండి. తెలిశాక, అన్నవాళ్ళకి మెల్లగా చెప్పండి. చాలామందికి నిజంగానే తెలియదు. నాకు ఆ దుకాణం ఆమె చెప్పేదాకా తెలిసిందా?

రెండో పని కాస్త కష్టం. మీరనే ఏ మాట ఇంట్లోవాళ్ళకి గిట్టదో అడగండి. నేను అడిగాను. మా అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "నేను ముందే చెప్పానా!" అంది. రోజుకి ఎన్నిసార్లు అంటానో కూడా చెప్పింది. ఆ లెక్క మీకు చెప్పను లెండి.

రైల్లో మాతో వచ్చిన వదినగారు నిన్న సాయంత్రం గోడ మీంచి పిలిచారు. ఇంటికెళ్ళి రైల్లో అనుకున్న మాటలన్నీ వాళ్ళాయనకి చెప్పారట. పొద్దున్న ఏం వండమంటారని అడిగితే, "ఏదో..." అని ఆగారట. కాస్సేపు పేపరు వంక చూశారట.

"వంకాయ" అన్నారట!