మిషను రాసిన దస్త్రం ఎవరు చదవాలి?

ఇక పిల్లలెవరూ ప్రోగ్రామింగు నేర్చుకోనక్కర్లేదని పెద్దలు సెలవిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో దుబాయ్ సభలో ఎన్విడియా కంపెనీ అధిపతి జెన్సెన్ హువాంగ్ ఈ ధోరణిలోనే మాట్లాడాడు. మనిషి మామూలు భాషలో అడిగితే చాలట, ప్రోగ్రాము కంప్యూటరే రాసుకుంటుందట. ఏఐ చిప్పులు అమ్మేవాడు ఆ మాట అనకుండా ఇంకేమంటాడు? అతని సరుకు అతను అమ్ముకుంటున్నాడు. ఆ మాటని మోసుకొచ్చి మన పేటల్లో పంచిపెడుతున్న మనవాళ్ళ సంగతే నేను మాట్లాడదలుచుకున్నాను.

నువ్వు నేర్చుకోనక్కర్లేదు అనే మాట మనకి కొత్తా? నీకెందుకురా అక్షరం, నీ పని నీకుందిగా అన్నారు మన తాతల్ని. నీకెందుకురా ఇంగ్లీషు, తెలుగు చాల్లే అన్నారు మన నాన్నల్ని. ఆ మాటలు చెప్పిన ఇళ్ళలో పిల్లలు అక్షరమూ మానలేదు, ఇంగ్లీషూ మానలేదు. ఇవాళ ప్రోగ్రామింగు అక్కర్లేదంటున్న ఇళ్ళకెళ్ళి చూడండి. ఆ పిల్లలు మానేశారేమో కనుక్కుని అప్పుడు మాట్లాడుకుందాం.

నేను ముదినేపల్లి దగ్గర ఒక పేటలో పుట్టినవాణ్ణి. స్కాలర్‌షిప్పు మీద చదివి, పద్నాలుగేళ్ళుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. ఏఐ పనిముట్లు రోజూ వాడతాను. కాబట్టి మిషన్ని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పూర్వం రెండు రోజులు పట్టే పని ఒక్కోసారి పూటలో తేలుతోంది. నాకు రాని కంప్యూటరు భాషలో కూడా అది నమూనా రాసి పెడుతోంది. ఇది నిజం. దాచేదేం లేదు.

ఊళ్ళో పెదనాన్న అడిగాడు, "ఏరా అబ్బాయ్, ఇప్పుడు నీ పని కూడా మిషనే చేసేత్తందంటగా?" అని. పెదనాన్న చేపల చెరువు మీద కాపలా వుంటాడు. ముదినేపల్లి, కైకలూరు వైపు వరి చేలు చెరువులైపోయాక మనవాళ్ళకి మిగిలిన పనుల్లో అదొకటి. నేను ఆయన్నే తిరిగి అడిగాను. మేత ఎంత వెయ్యాలో ఫోనే చెబుతోంది కదా, మరి నువ్వెందుకు చెరువు మీద? ఆయన నవ్వాడు. మబ్బు పట్టిన తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుంటే చూసి తెలుసుకోవాలి, అప్పుడు మేత ఆపాలి, ఏరియేటర్లు ఆడించాలి, కామందుకి ఫోను చెయ్యాలి. గంట ఆలస్యమైతే చెరువు చెరువంతా పోతుంది. ఫోనులో లెక్క సరిగ్గానే వుంటుంది. కానీ ఆ లెక్క ఎప్పుడు పనికిరాదో తెలిసినవాడు గట్టు మీద వుండాలి.

ప్రోగ్రాములోనూ అనుభవం అంటే అదే. కోడు అంటే కంప్యూటరుకి పని పురమాయించడం. పురమాయించడం మిషనుకి వచ్చేసింది. ఆ పురమాయింపు ఎక్కడ బెడిసికొడుతుందో పసిగట్టడం మాత్రం పదిసార్లు చేతులు కాల్చుకున్న మనిషికే తెలుస్తుంది.

ఒక సంగతి చెబుతాను. పేరు అనవసరం, ఒక కంపెనీలో లబ్ధిదారుల జాబితా శుభ్రం చేసే పని వచ్చింది. ఒకే మనిషి పేరు రెండుసార్లు పడితే ఒకటి తీసెయ్యాలి. ఏఐని అడిగారు. నిమిషంలో రాసిచ్చింది. పేరు, ఇంటిపేరు, భర్త పేరు, వూరు, పుట్టిన తేదీ ఈ అయిదూ కలిస్తే ఒక్క మనిషే అని లెక్కగట్టింది. చదువుకున్న ఎవరికైనా సబబుగానే కనిపిస్తుంది. ఆ గదిలో దివిసీమ నుంచి వచ్చిన అమ్మాయి వుంది, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. "అన్నా, మా పేటలోనే ముగ్గురు మరియమ్మలున్నారు. అందరిదీ ఒకటే ఇంటిపేరు. ఇద్దరి మొగుళ్ళూ ఏసోబులే. ఆధార్లో ఇద్దరికీ జనవరి ఒకటో తారీకే వేశారు" అంది. పుట్టిన రోజు తెలియని ముసలివాళ్ళకి జనవరి 1 వేసెయ్యడం మన పేటల్లో ఎవరికి తెలియదు? ఆ గదిలో వున్న మిగతా వాళ్ళకి తెలియదు. మిషనుకి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల నోరు తెరవకపోతే ఒక మరియమ్మ బతికుండగానే జాబితాలోంచి పోయేది.

ఇది గదిలో ఆగింది. ఆగనివీ వున్నాయి. తెలంగాణలో సమగ్ర వేదిక అనే పేరుతో ప్రభుత్వం దగ్గరున్న రకరకాల జాబితాల్ని కంప్యూటరు చేత కలిపించారు. ఎవరికి కారుంది, ఎవరికి పొలముంది అని పేర్లు జత చేసి చూశారు. 2016 నుంచి దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయని కోర్టుకెక్కితే, ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ విచారణ చెయ్యమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వేరేవాడి కారు మన ఖాతాలో పడితే బియ్యం ఆగిపోతాయి. ఎందుకు ఆగాయని డీలర్ని అడిగితే కంప్యూటర్లో లేదు అంటాడు. ఎమ్మార్వో ఆఫీసులో అడిగితే పైనుంచి వచ్చింది అంటారు. ఆ పైన వున్న ప్రోగ్రాము ఎవరు చదివారు?

నాకు కరణం గుర్తొస్తాడు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల్ని, మునసబుల్ని తీసేసేదాకా వూరి భూమంతా కరణం దస్త్రంలో వుండేది. గొలుసుకట్టు రాత. చదువొచ్చినవాడు కూడా విప్పలేని రాత. ఆ రాతలో మన బంజరు ఎవరి పేరు మీదకి ఎక్కిందో మనకి తెలిసేసరికి పంట కూడా కోసుకుపోయేవాళ్ళు. కరణం పోయాడని సంబరపడ్డాం. ఇప్పుడు మిషను వెయ్యి పేజీల కోడు రాసి పారేస్తుంటే, చదివే ఓపిక లేక సంతకం పెట్టే ఆఫీసులు తయారవుతున్నాయి. ఈ కొత్త గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు మన పేటల్లోంచి ఎంతమంది వస్తారు అన్నదే నా ప్రశ్న. ప్రోగ్రామింగు నేర్చుకోనక్కర్లేదు అంటే ఆ దస్త్రం చదవనక్కర్లేదు అనే కదా అర్థం!

మిషను అనుభవజ్ఞుణ్ణి కూడా ఎలా మభ్యపెడుతుందో చూడండి. 2025 జూలైలో అమెరికాలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక పరీక్ష ఫలితం బయటపెట్టింది. ఏళ్ళ తరబడి తమ తమ ప్రోగ్రాముల మీదే పనిచేస్తున్న 16 మంది డెవలపర్లకి 246 పనులు ఇచ్చారు. కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక వాళ్ళనే అడిగితే, 20 శాతం త్వరగా అయిందని చెప్పారు! 2025 మొదట్లో వున్న పనిముట్లతో చేసిన పరీక్ష అది. అప్పటికీ ఇప్పటికీ పనిముట్లు మారాయి, ఇంకా మారతాయి, ఆ శాతాలూ మారతాయి. కానీ పండిన డెవలపరే తన చేతి వేగం తాను కొలుచుకోలేకపోయాడంటే, నిన్న డిగ్రీ చేతికొచ్చిన పిల్లవాడు ఏం కొలుచుకుంటాడు? మిషను ఏది ఇస్తే అదే ఒప్పు అనుకుంటాడు.

సరే, అనుభవం కావాలి. ఎక్కడ దొరుకుతుంది అనుభవం? బజారులో అమ్మరు. ఫ్రెషరుగా చేరి, పెద్దవాళ్ళు విసుక్కునే చిల్లర పనులన్నీ చేసి, తప్పులు వెతికి, దిద్ది, జీతం తీసుకుంటూ నేర్చుకునేది అది. ఆ చిల్లర పనుల్నే మిషనుకి ముందు అప్పజెప్పారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీతాల లెక్కలు తీసి చూస్తే, 22 నుంచి 25 ఏళ్ళ వయసు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి 2025 జూలై నాటికి దాదాపు 20 శాతం పడిపోయాయి. వయసు, అనుభవం వున్నవాళ్ళవి అలా పడలేదు.

మన డెల్టా వాళ్ళకి ఇది బొమ్మగీసి చెప్పనక్కర్లేదు. కాలవలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది శివారు పొలం. ఎగువవాడు తడుపుకున్నాకే మనకి. వదిలేటప్పుడు ఆఖర్న మనకొస్తాయి, కట్టేసేటప్పుడు మొదట మనకి ఆగుతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కాలవలో మనం శివారు. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషను లేదు. అమెరికాలో మావయ్య లేడు. మేనేజరుకి ఫోను చేసే బాబాయి లేడు. కాలేజీ ప్లేస్‌మెంటులో దొరికే ఆ ఫ్రెషరు ఉద్యోగం ఒక్కటే మన తూము. దాన్ని మూసేసి, పైగా ఇప్పుడు అనుభవం వున్నవాళ్ళే కావాలి అంటున్నారు. ఇది ప్రతిభ సంగతేనా? చేర్చుకోకుండా అనుభవం ఎక్కడ తెచ్చుకోమంటారు?

కంపెనీలు నష్టపోతున్నాయనుకుంటున్నారా? 2025 ఏప్రిల్లో మన రాష్ట్ర మంత్రివర్గం విశాఖ రుషికొండ దగ్గర 21.16 ఎకరాలు టీసీఎస్‌కి 99 పైసలకి కట్టబెట్టింది. మూడు సెంట్ల ఇళ్ళ స్థలం కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే మనకి ఆ ధర విని నవ్వాలో ఏడవాలో తెలియదు. 12 వేల ఉద్యోగాలు ఇస్తారని చెప్పారు. నాలుగు నెలలు తిరక్కుండా జూలైలో అదే కంపెనీ ప్రపంచం మొత్తం మీద 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు మందిని, తీసేస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి వాళ్ళని. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు కుదరక అని కంపెనీ పెద్ద చెప్పాడు. అలాగే అనుకుందాం. ఆ 12 వేలలో ఫ్రెషర్లు ఎందరు, ఎస్సీ ఎస్టీ పిల్లలు ఎందరు అనే షరతు ఆ 99 పైసల కాగితంలో వుందా అని మన ఎమ్మెల్యేలు ఒక్కరన్నా అసెంబ్లీలో నిలదీయాలి కదా!

ఇక మన కుర్రాళ్ళ మాట. వాళ్ళలో చురుకైనవాళ్ళు నాతో వాదిస్తారు. "అన్నా, ఏఐ మన ద్రోణాచార్యుడు. కులం అడగదు. ఫీజు అడగదు. అర్ధరాత్రి తెలుగులో అడిగినా విసుక్కోకుండా చెబుతుంది. క్లాసులో నోరు విప్పితే నవ్వేవాళ్ళు, ఇక్కడ ఎవరూ నవ్వరు." ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఇంగ్లీషు రాదని వెనక బెంచీలో తలొంచుకుని నాలుగేళ్ళు గడిపినవాళ్ళలో నేనొకణ్ణి. అప్పుడు నాకిది వుంటే ఎంతో బాగుండేది. అడగండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. అర్థం కాని పాఠం పదిసార్లు చెప్పించుకోండి. ఈ తప్పు ఎందుకొచ్చిందని అడగండి. ఇంకో దారి వుందా అని అడగండి.

కానీ ఏకలవ్యుడు బాణం తనే వేశాడు. మట్టిబొమ్మ వెయ్యలేదు. మీలో చాలామంది బొమ్మ చేత బాణం వేయించి, మార్కులు మీరు తీసుకుంటున్నారు. కాలేజీ ప్రాజెక్టు మిషను రాసింది, రికార్డు మిషను రాసింది, ఇంటర్వ్యూలో పది లైన్లు సొంతంగా రాయమంటే చెమటలు పోస్తున్నాయి. అప్పుడు ఎదుటివాడు ఏమంటాడు? రిజర్వేషను సీటు వాళ్ళు ఇంతే అంటాడు. అదే తప్పు పెద్దకులం పిల్లాడు చేస్తే వాడికి వాళ్ళ నాన్న ఇంకో ఆరు నెలలు అమీర్‌పేటలో కోచింగు ఇప్పిస్తాడు. మనకి రెండో అవకాశం వుండదు. అందుకే నా మాట కఠినంగా వుంటుంది. నేర్చుకునే రెండేళ్ళూ ముందు మీ చేత్తో రాయండి, తర్వాత మిషన్ని అడిగి పోల్చి చూడండి. మిషను రాసింది లైను లైనూ నోటితో చెప్పలేకపోతే అది మీది కాదు.

మన పెద్దల్లో కొందరిది మరో దారి. కంప్యూటరు పెట్టుబడిదారుడిది, ఏఐ అమెరికా వాడిది, మనకి భూమి, కూలి, ఆత్మగౌరవం చాలు అంటారు. అయ్యా, రేషను కార్డు ఏ మిషనులో తెగుతోందో తెలియకుండా కూలి గురించి ఏం మాట్లాడతారు? ఉపాధి హామీ హాజరు ఫోనులోకి పోయింది. భూమి రికార్డు కంప్యూటర్లోకి పోయింది. అది చదివేవాళ్ళు మనలో లేకపోతే మళ్ళీ ఇంకొకరి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

అడగాల్సింది చట్టంలోనే వుంది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిసుల్ని పెట్టుకోవాలి. అది ప్రైవేటు కంపెనీకీ వర్తిస్తుంది. నిర్ణీత ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకి శిక్షణ స్థానాలు కేటాయించాలని అదే చట్టంలో 3-ఏ సెక్షను చెబుతోంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషను లేదు లేదు అని మనం వగస్తున్నాం గానీ, చేతిలో వున్న ఈ సెక్షన్ని పట్టుకుని ఏ ఐటీ కంపెనీ గేటు ముందైనా నిలబడ్డామా? ఐటీఐలో కోపా ట్రేడు చదివిన మన పిల్లలు జిరాక్సు షాపుల్లో, మీసేవ బల్లల దగ్గర కూర్చుంటున్నారు. ఫ్రెషరు ఉద్యోగం పోయిందంటున్నారు కాబట్టి, జీతమిచ్చి నేర్పే అప్రెంటిస్ స్థానమే ఆ తూముకి బదులు. ప్రభుత్వ భూమి తీసుకున్న కంపెనీ, ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ఈ లెక్క ప్రతి ఏడూ బయటపెట్టాలి. పేదల జాబితాలు తాకే ప్రతి ప్రోగ్రామునీ మనుషులు చదివి సంతకం పెట్టాలి, పేరు తీసేసే ముందు ఇంటికొచ్చి అడగాలి.

వచ్చే పక్షం లోపల ప్రతి పేట కమిటీ మూడు జాబితాలు రాసి పంపాలి: ఇంజినీరింగు, పాలిటెక్నిక్, కోపా పాసై ఖాళీగా వున్న పిల్లల పేర్లు, కంప్యూటర్లో లేదని రేషనో పింఛనో ఆగిపోయిన ఇళ్ళు, పేట పిల్లలకి ఆదివారం పూట కూర్చోబెట్టి నేర్పగల మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పేర్లు. హైదరాబాదులో, బెంగుళూరులో వుండి సంక్రాంతికి మాత్రమే వూరొచ్చే మనవాళ్ళని ఈ మూడో జాబితాలోకి ఎక్కించే పూచీ నాది.